బండి బోర్డర్ దాటలేదు కదా, మరి ఫెడరల్ రూల్ ఎందుకు?

పోయిన నెల ట్రక్ కొనేముందు చూసుకోవాల్సిన కాయితాల గురించి రాశాక ఉత్తరాలు బాగానే వచ్చాయి, చదువుతుంటే సగం పైన ఒకే ముడి దగ్గర ఆగిపోతున్నాయి, ఇది స్టేట్ రూలా ఫెడరల్ రూలా, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం రూలా అని. టెక్సాస్‌లో చిన్న చిన్న ట్రకింగ్ కంపెనీలకి సేఫ్టీ ఫైళ్ళు చూడ్డమే నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ ఉండేదే. అయిదు ఉత్తరాలు తీసుకున్నాను, పేర్లు తీసేశాను, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీలు తిప్పినవాణ్ణి. మా అబ్బాయి డల్లాస్‌లో ఫ్రెండుతో కలిసి రెండు ట్రక్కులు కొన్నాడు. ఫోన్ చేస్తే "ఈ రూలు టెక్సాస్ తీసుకుంది నాన్నా, అది మాత్రం వేరేగా పెట్టుకుంది" అంటాడు. మనకి మోటారు వాహనాల చట్టం ఢిల్లీలో చేస్తే దేశమంతా అదే. వాషింగ్టన్ వాళ్ళు చేసిన రూలుని రాష్ట్రం మళ్ళీ తీసుకోవడం ఏంటి? - విజయవాడ

జవాబు: బాబాయ్ గారూ, మీరు అడిగిందే అసలు ప్రశ్న, ఇక్కడ పదేళ్ళు నడిపినవాళ్ళకి కూడా ఇది సరిగ్గా తెలియదు. మన దగ్గర బండ్ల విషయం ఉమ్మడి జాబితాలో ఉంది, 1988 చట్టం కేంద్రం చేసింది, దాన్ని పట్టుకుని రోడ్డు మీద బండి ఆపే బ్రేకినస్పెక్టరు మాత్రం రాష్ట్రం మనిషి, ఎవరూ దాన్ని వింతగా అనుకోరు. ఇక్కడ ఆ లింకు తెగిపోయి ఉంటది. ఫెడరల్ గవర్నమెంటు ఒక రాష్ట్రం పోలీసుని పిలిచి "నువ్వు మా రూలు అమలు చెయ్యి" అని ఆర్డర్ వెయ్యలేదు, రాజ్యాంగం ఒప్పుకోదు, 1997లో తుపాకుల కేసు ఒకటి వస్తే సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగానే చెప్పింది. పోనీ సొంత మనుషుల్ని పెట్టుకుందామా అంటే ట్రక్కుల సేఫ్టీ చూసే ఫెడరల్ ఏజెన్సీ, ఎఫ్‌ఎంసీఎస్‌ఏ అంటారు, దాంట్లో దేశం మొత్తానికి పనిచేసేది వెయ్యీ చిల్లర మంది. ఏడాదికి రోడ్డు పక్కన జరిగే ఇన్‌స్పెక్షన్లు 30 లక్షల దాకా ఉంటాయి. ఆ కొద్దిమందితో అవి అయ్యే పని కాదు.

అందుకని డబ్బు దారి పట్టారు. 1982లో పార్లమెంటు, అదే ఇక్కడి కాంగ్రెస్, మోటార్ క్యారియర్ సేఫ్టీ అసిస్టెన్స్ ప్రోగ్రాం అని ఒక గ్రాంట్ పెట్టింది, ట్రకింగ్ వాళ్ళ నోట్లో అది "మిక్‌సాప్" అయిపోయింది. బేరం ఏంటంటే మా సేఫ్టీ రూల్సుని మీ స్టేట్ రూల్స్‌గా రాసుకోండి, మీ ట్రూపర్లతో, అంటే మీ స్టేట్ పోలీసులతో, బండ్లు చెక్ చేయించండి, ఖర్చులో పెద్ద వాటా మేమిస్తాం. రాసుకోకపోతే గ్రాంట్‌లో కోత. ఫెడరల్ రూలు మారినప్పుడు రాష్ట్రం తన పుస్తకం మార్చుకోడానికి 3 ఏళ్ళ టైం ఇస్తారు.

ఇక రాసుకోవడం అంటే వందల పేజీలు మళ్ళీ టైపు కొట్టరు. టెక్సాస్‌లో డీపీఎస్, అంటే ట్రూపర్లు పనిచేసే రాష్ట్ర శాఖ, వాళ్ళ రూలు చూడండి, ఫెడరల్ కోడ్‌లో ఫలానా ఫలానా భాగాలు, ఫలానా తేదీ వరకు సవరించినట్టుగా, మాకు వర్తిస్తాయి అని ఒక్క పేరా ఉంటది, కింద "అయితే" అని మొదలెట్టి సొంత మినహాయింపులు రాసుకుంటారు. ఆ తేదీ దగ్గరే మెలిక ఉంది. ఆ తేదీ తర్వాత వాషింగ్టన్‌లో మారింది ఏదైనా సరే రాష్ట్రం మళ్ళీ పేరా మార్చేదాకా లోకల్ లోడ్లకి రానట్టే. కొన్ని రాష్ట్రాలు ఎప్పటికి మారితే అప్పటికి మాదీ మారినట్టే అని రాసుకున్నాయి, కొన్ని అలా రాయలేవు, రేపు ఎవడో రాసేదాన్ని ఇవాళే మా చట్టం అనడం వాళ్ళ రాజ్యాంగానికి సరిపడదు. 2020 సెప్టెంబరు 29న షార్ట్ హాల్ డ్రైవర్లు, అంటే దగ్గర్లోనే తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేవాళ్ళు, లాగ్ బుక్ లేకుండా తిరగ్గల దూరం 100 ఎయిర్ మైళ్ళ (గీత గీసినట్టు నేరుగా కొలిచేవి) నుంచి 150కి పెంచారు కదా, పాత తేదీ మీదే ఉన్న చోట ఆ కొత్త 150 లోకల్ లోడ్లకి వెంటనే రాలేదు.

మీకు ఇంకోలా చెప్తాను. 2019 సెప్టెంబరు 1న మన కొత్త ఫైన్లు వచ్చినప్పుడు గుజరాత్ వాళ్ళు వెంటనే తగ్గించుకున్నారు, గుర్తుందా, అప్పుడు అందరూ కేంద్రం చట్టాన్ని రాష్ట్రం ఎలా తగ్గిస్తది అని గొడవ పడ్డారు. ఇక్కడ అలా సొంతంగా సర్దుకోవడమే పద్ధతి, దానికి ఎంతవరకు వెళ్ళొచ్చో హద్దు మాత్రం ఫెడరల్ వాళ్ళే గీశారు. రాష్ట్రం లోపలి లోడ్లకి డ్రైవింగ్ 12 గంటలదాకా, డ్యూటీ 16 గంటలదాకా, 7 రోజుల్లో 70 లేదా 8 రోజుల్లో 80 గంటలదాకా వదలొచ్చు, అది దాటితే గ్రాంటుకి ముప్పు. కాలిఫోర్నియా 12, 16, 80 అని చివరంచు దాకా వెళ్ళింది, టెక్సాస్ 12, 15, 70 దగ్గర ఆగింది.

ఒక్క మాట మీ అబ్బాయికి చెప్పండి. రాష్ట్రాల మధ్య తిరిగే సరుకుకి ఫెడరల్ రూలు నేరుగా కంపెనీ మీదే ఉంటది, టెక్సాస్ తీసుకున్నా తీసుకోకపోయినా. రాష్ట్రం తీసుకుందా లేదా అన్నది పూర్తిగా లోపల తిరిగే సరుకుకీ, బండి ఆపే ట్రూపర్ చేతిలో ఏ పుస్తకం ఉందన్నదానికీ మాత్రమే.

ప్రశ్న: ఇర్వింగ్‌లో మాకు మూడు ట్రక్కులు ఉన్నాయి, హ్యూస్టన్ పోర్ట్ నుంచి ఇండియన్ గ్రోసరీ కంటైనర్లు తెస్తాం. బండి టెక్సాస్ దాటదు. డిస్పాచ్ చూసే ఆయన టెక్సాస్ లోపల 12 గంటలు తోలొచ్చు అన్నాడు. పోయిన నెల మా డ్రైవర్ 11 గంటల 25 నిమిషాలకి దొరికాడు, ట్రూపర్ 11 గంటల వయొలేషన్ రాసి 10 గంటలు బండి కదలొద్దన్నాడు. టెక్సాస్ పోలీసుకి టెక్సాస్ రూల్ తెలియదా? దీన్ని చాలెంజ్ చెయ్యొచ్చా? - ఇర్వింగ్

జవాబు: తమ్ముడూ, ట్రూపర్‌కి రెండు రూల్సూ తెలుసు, నీ డిస్పాచర్‌కే ఒకటి తెలుసు.

నువ్వు పంపిన బిల్ ఆఫ్ లేడింగ్, అదే సరుకు ఎక్కణ్ణుంచి ఎవరికి వెళ్తోందో రాసే కాయితం, చూశాను. లోడింగ్ పోర్ట్ ముంద్రా, దింపిన చోటు హ్యూస్టన్ పోర్ట్‌లో బార్బర్స్ కట్ టెర్మినల్, కన్సైనీ, అంటే సరుకు అందుకునేది, ఇర్వింగ్‌లో మీ కస్టమర్ గోడౌన్. అంటే ఆ బియ్యం బస్తా గుజరాత్‌లో కంటైనర్ ఎక్కినప్పుడే ఇర్వింగ్ అని రాసుంది. ఓడ మీద వచ్చిన సముద్రం ఎంత ప్రయాణమో నీ బండి వేసిన మైళ్ళూ అదే ప్రయాణంలో చివరి ముక్క. దాన్ని లోకల్ లోడ్ అనరు, అది విదేశీ వ్యాపారం కిందకొచ్చింది, 11 గంటల డ్రైవింగు, డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి 14 గంటల కిటికీ, మధ్యలో 8 గంటలు తోలాక 30 నిమిషాల బ్రేకు, అన్నీ ఫెడరల్ రూల్సే. టైరు గీత దాటిందా అని చూడొద్దు, సరుకు ఎక్కణ్ణుంచి ఎక్కడికని బయల్దేరిందో కాయితంలో చూడు.

అదే బియ్యం గోడౌన్‌లో దింపారనుకో, ఎవరు కొంటారో అప్పటికి ఎవరికీ తెలీదు, ఊరికే స్టాక్ పెట్టారు, మూడు వారాలకి ప్లేనోలో ఒక షాపు వాళ్ళు ఫోన్ చేసి 40 బస్తాలు పంపమన్నారు, అప్పుడు ఆ గోడౌన్ నుంచి షాపుకి తోలేది చాలాసార్లు లోకల్ కింద నిలబడద్ది. కానీ ఆ షాపు ఆర్డర్ ముందే ఉండి కంటైనర్ కేవలం దింపి ఎక్కించడానికే గోడౌన్‌కి వస్తే మళ్ళీ మొదటికే. అచ్చంగా లోకల్ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది బ్రిడ్జిపోర్ట్ దగ్గర క్వారీలో కొట్టిన కంకర డెంటన్‌లో రోడ్డు పనికి తోలడం, అక్కడే పుట్టింది అక్కడే పడింది, దాంట్లో ఎవరూ వాదించరు, నీ డిస్పాచర్ చెప్పిన 12 గంటలు అలాంటి వాటికి.

ఇంకోటి చూసుకో. మీ ఈఎల్‌డీ, అంటే డ్రైవర్ గంటలు రికార్డు చేసే మిషన్, దాని యాప్‌లో రూల్ సెట్ అని ఒక సెట్టింగ్ ఉంటది. నాకు తెలిసి మీ డ్రైవర్‌ది "టెక్సాస్ 70 గంటలు 7 రోజులు" అని పెట్టి ఉంటది, అందుకే 11 గంటలు దాటినా స్క్రీన్ ఎర్రబడలేదు, పచ్చగా ఇంకా 35 నిమిషాలు ఉందని చూపించింది, పాపం అతను దాన్నే నమ్మాడు. నేను చూసే ఒక కంపెనీలో ఇదే జరిగింది, ఆ డ్రైవర్ ఫోన్ తీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టి "సార్ మిషనే ఉందంటోంది కదా" అన్నాడు, నాకు నోట మాట రాలేదు. మిషన్‌కి లోడ్ ఏంటో తెలీదు, దానికి చెప్పింది మనమే. పోర్ట్ పని చేసే బండ్లన్నిటికీ ఆ సెట్టింగ్ ఫెడరల్ 70 గంటలు 8 రోజులకి మార్చి డిస్పాచ్ చేతిలో తాళం పెట్టు. ఒక వారంలో రెండు రోజులు కంకర, మూడు రోజులు కంటైనర్ అనుకో, కంకర తోలిన డ్యూటీ గంటలు కూడా ఆ 70లో కలుపుకోవాల్సిందే.

చాలెంజ్ సంగతి అడిగావు. డేటాక్యూస్ అని ఫెడరల్ సైట్ ఉంది, అందులో పెట్టొచ్చు, రివ్యూ చేసేది మాత్రం ఇన్‌స్పెక్షన్ రాసిన రాష్ట్రం వాళ్ళే. నువ్వు పెడితే వాళ్ళు మొదట అడిగేది ఆ బిల్ ఆఫ్ లేడింగే, అది నీకు వ్యతిరేకంగా ఉంది, కాబట్టి టైం వేస్ట్ చేసుకోకు. ఈ వయొలేషన్ నీ డాట్ నంబర్ (కంపెనీకి ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే నంబర్) కింద 24 నెలలు లెక్కలో ఉంటది, ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి వాళ్ళు అదే తెరిచి చూస్తారు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్ళు. కాలేజీ ఇష్టం లేదని ట్రక్ స్కూల్‌కి వెళ్ళి సీడీఎల్, అదే పెద్ద బండ్ల లైసెన్స్, తెచ్చుకున్నాడు. లైసెన్స్ మీద "కె" అని ఒక అక్షరం ఉంది. టెక్సాస్ లోపల ఏదైనా తోలొచ్చు అంటున్నాడు, వాళ్ళ ఫ్రెండు తండ్రి పోర్ట్ పని ఇస్తానన్నారు. భయంగా ఉంది. - కేటీ, టెక్సాస్

జవాబు: అమ్మా, మీ భయం కరెక్టే. ఆ కె అంటే రాష్ట్రం లోపలి సరుకు మాత్రమే అని. రాష్ట్రాల మధ్య సరుకు తోలాలంటే ఫెడరల్ రూలు 21 ఏళ్ళు నిండాలంటది, లోపలికైతే రాష్ట్రం 18కి ఒప్పుకోవచ్చు, పైన బాబాయ్ గారికి చెప్పిన మినహాయింపుల్లో ఇదొకటి. బాబు "టెక్సాస్ లోపల" అన్నమాట మ్యాపు చూసి అంటున్నాడు, పైన ఇర్వింగ్ తమ్ముడి ఉత్తరం అతనితో చదివించండి. పోర్ట్ కంటైనర్ 20 మైళ్ళే తోలినా అది లోపలి సరుకు కాదు, 19 ఏళ్ళ కుర్రాడు దొరికితే అక్కడే దింపేస్తారు, పని ఇచ్చిన ఆయనకీ వయొలేషన్ పడద్ది. రెడీమిక్స్ కాంక్రీటు, ఇసుక, కంకర, లోకల్ క్వారీ పనులు ఉన్నాయి, రెండేళ్ళు అవి తోలితే బ్యాకింగూ సైట్లలో తిప్పడమూ బాగా వస్తాయి, ఆ పని హైవే కన్నా కష్టం కూడా. 21 నిండిన రోజు వెళ్ళి సెల్ఫ్ సర్టిఫికేషన్, అంటే ఎలాంటి సరుకు తోలతానో తను రాసిచ్చిన కాయితం, ఇంటర్‌స్టేట్‌కి (రాష్ట్రాల మధ్య) మార్పించి కె తీయించుకోమనండి, మెడికల్ కార్డు అప్పటికి డేట్‌లో ఉండాలి.

ప్రశ్న: ఎడిసన్‌లో కేటరింగ్ చేస్తాను, 14 అడుగుల బాక్స్ ట్రక్ కొన్నాం. దీనికి సీడీఎల్ అక్కర్లేదు కాబట్టి డాట్ గొడవ లేదని అమ్మినవాళ్ళు చెప్పారు. పెళ్ళిళ్ళ ఆర్డర్లకి అప్పుడప్పుడు పెన్సిల్వేనియా వెళ్తుంటాం, కింగ్ ఆఫ్ ప్రష్యా దాకా. ఇబ్బందేమైనా ఉంటదా? - ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అక్కా, రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, 10,001 పౌండ్లు, 26,001 పౌండ్లు. సీడీఎల్ మొదలయ్యేది రెండో దాని దగ్గర, ఫెడరల్ సేఫ్టీ రూల్సు మొదలయ్యేది మొదటి దాని దగ్గర. అమ్మినాయన రెండోది చెప్పి మొదటిది మింగేశాడు. డ్రైవర్ డోర్ తెరిస్తే ఆ తలుపు మూసుకునే చోట ఒక స్టిక్కర్ ఉంటది, జీవీడబ్ల్యూఆర్ అని, సరుకుతో కలిపి బండి గరిష్ఠంగా ఎంత బరువు ఉండొచ్చో కంపెనీ రాసిన అంకె, మీరు పంపిన ఫొటోలో 14,500 కనిపిస్తోంది. లోపల రెండు బిర్యానీ హండీలే ఉన్నా, ఖాళీగా వెళ్తున్నా ఆ 14,500ఏ లెక్క.

డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలోకి దిగిన క్షణం మీరు ఇంటర్‌స్టేట్ క్యారియర్, సొంత సరుకు తోలుకునే ప్రైవేట్ క్యారియర్. కాబట్టి యూఎస్‌డాట్ నంబర్ తీసుకోవాలి, తలుపు మీద కంపెనీ పేరూ నంబరూ రాయించాలి, తోలే మనిషికి మెడికల్ కార్డు, ఏడాదికోసారి బండి ఇన్‌స్పెక్షన్, లోపల మూడు ట్రయాంగిళ్ళు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. కిరాయికి తోలేవాళ్ళకుండే 7,50,000 డాలర్ల ఇన్సూరెన్స్ ఫెడరల్ రూలు మీ సొంత వంటకి రాదు, కిరాయికి తోలడానికి ఇచ్చే పర్మిషన్, ఎంసీ నంబరూ అక్కర్లేదు. ఈఎల్‌డీ కూడా పెట్టక్కర్లేదు, 150 ఎయిర్ మైళ్ళ లోపల తిరిగి 14 గంటల్లోపు మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి డ్యూటీ దిగేవాళ్ళు టైం కార్డు రాసుకుంటే చాలు, కింగ్ ఆఫ్ ప్రష్యా దానికి చాలా లోపే ఉంది. పొద్దున మూడింటికి లేచి వంట చేసినవాడే రాత్రి బండి తోలుకొస్తే మాత్రం ఆ వంట గంటలు కూడా డ్యూటీలోకే వస్తాయి, మీ దగ్గర ఎక్కువ జరిగేది అదే అనుకుంటా.

డాట్ నంబర్ ఫ్రీ. అది వచ్చిన వారానికే గవర్నమెంటు ఉత్తరాల్లా కనిపించేవి, పైన గద్ద బొమ్మ వేసుకుని, ఇన్ని డాలర్లు కట్టకపోతే నంబర్ పోద్దని వస్తాయి, సగం ప్రైవేట్ ఏజెంట్లవి. ఏది వచ్చినా ఎఫ్‌ఎంసీఎస్‌ఏ సైట్‌లో చూసుకున్నాకే కట్టండి. నంబర్ వచ్చిన మొదటి ఏడాదిలో సేఫ్టీ ఆడిట్ కూడా ఉంటది, దాన్ని మాత్రం ఏజెంటు ఉత్తరం అనుకుని చెత్తబుట్టలో వెయ్యొద్దు.

ప్రశ్న: మా కంపెనీలో ఇద్దరు డ్రైవర్లకి ఇంగ్లీష్ అంతంత మాత్రం. కాలిఫోర్నియా ఈ ఇంగ్లీష్ రూల్ పట్టించుకోదు, ఇక్కడ భయం లేదని అందరూ అంటున్నారు. నిజమేనా? ఇంకోటి, ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్‌లో ఒక లైటు పనిచెయ్యలేదని రాశారు, మార్పించేశాం, ఇంకేమైనా చెయ్యాలా? - శాక్రమెంటో

జవాబు: రూలు కొత్తది కాదండీ, జనంతో మాట్లాడగలగాలి, రోడ్డు బోర్డులు చదవగలగాలి, ఆఫీసర్ అడిగితే జవాబు చెప్పగలగాలి, రికార్డులు రాయగలగాలి అని ఎప్పట్నుంచో పుస్తకంలో ఉంది. 2016లో దానికోసం బండి ఆపెయ్యక్కర్లేదని ఇన్‌స్పెక్టర్లకి చెప్పారు, 2025 ఏప్రిల్‌లో ప్రెసిడెంట్ ఆర్డర్ వచ్చాక అది తిరగబడి జూన్ 25 నుంచి డ్రైవర్‌ని అక్కడే అవుట్ ఆఫ్ సర్వీస్ చేస్తున్నారు, అంటే ఇక తోలనివ్వరు. మాటల పరీక్షలో ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ యాప్ ఒప్పుకోరు.

మీ రాష్ట్రం సంగతి ఏమైందంటే కాలిఫోర్నియా దీన్ని అమలు చెయ్యట్లేదని 2025 అక్టోబరులో ట్రాన్స్‌పోర్టేషన్ సెక్రటరీ షాన్ డఫీ 4 కోట్ల డాలర్ల పైన మిక్‌సాప్ డబ్బు ఆపేస్తున్నామని ప్రకటించారు. మొదటి ఉత్తరంలో చెప్పిన బేరం ఇదే, ఆర్డర్ వెయ్యలేరు, పర్సు మూస్తారు. ఈ రాష్ట్రానికీ వాషింగ్టన్‌కీ మధ్య అది ఎటు తేలినా మీ డ్రైవర్‌కి ఒరిగేదేం లేదు, అతను రీనో లోడ్ వేసుకుని నెవాడాలోకి దిగితే అక్కడి ట్రూపర్ శాక్రమెంటోలో ఏం అనుకుంటున్నారని అడగడు. రోజుకి అరగంట బోర్డులు చదివించండి, "వేర్ ఆర్ యూ కమింగ్ ఫ్రమ్, వాట్ ఆర్ యూ హాలింగ్" లాంటివి వంద సార్లు అడిగించండి, డిటూర్, రన్‌అవే ర్యాంప్, వెయ్ స్టేషన్ ఓపెన్, ఇవి కళ్ళు మూసుకున్నా చెప్పాలి.

లైటు విషయం, మార్చేస్తే అయిపోదండీ. రిపోర్ట్ కింద సరిచేశామని సంతకం పెట్టి 15 రోజుల్లోపు దాని మీదున్న అడ్రస్‌కి తిరిగి పంపాలి, ఒక కాపీ 12 నెలలు దాచాలి. మీ ఉత్తరం నాకు చేరేసరికే పదకొండో రోజు, పత్రిక వచ్చేదాకా ఆగితే గడువు పోద్దని ఆ సాయంత్రమే ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు, మీ పార్ట్‌నర్‌కి చెప్పాను, పంపానని ఆయన మెసేజ్ పెట్టారు.